బీకన్ అందరికీ అందుతోంది, కనెక్షన్ మాత్రం నిలవడం లేదు (1200 బాడ్ ప్యాకెట్ రేడియో, అంటే సెకనుకి 1200 బిట్లు)

కొత్తగాలి | #1

అందరికీ నమస్కారం. హ్యామ్ (అమెచ్యూర్) రేడియో లైసెన్సు వచ్చి నాలుగు నెలలైంది. గొంతుతో కాంటాక్టులు బాగానే చేస్తున్నాను గానీ, నేను ఈ హాబీలోకి వచ్చింది కీబోర్డు కోసం. మధ్యలో టవరూ సర్వరూ ఏదీ లేకుండా నా బల్ల మీది రేడియో నుంచి ఇంకొకరి తెర మీదికి అక్షరాలు వెళ్ళాలి, వాళ్ళవి నా దగ్గరికి రావాలి. అంతే నా కోరిక.

నా దగ్గరున్నవి: 5 వాట్ల చేతి రేడియో, డాబా మీద గ్రౌండ్‌ప్లేన్ యాంటెన్నా, యూఎస్‌బీ సౌండ్ కార్డు, ల్యాప్‌టాప్‌లో డైర్‌వోల్ఫ్ (సౌండ్ కార్డునే రేడియో మోడెంగా వాడే ప్రోగ్రాం).

సమస్య ఇదీ. ఏపీఆర్ఎస్ (స్థానం, చిన్న సందేశాలు పంచుకునే పద్ధతి) బీకన్ పంపితే మొదటిసారే డిజిపీటర్ (విన్న ప్యాకెట్‌ని మళ్ళీ పంపే స్టేషన్) పట్టుకుంటోంది, మ్యాపులో కనబడుతున్నాను. ఇతరుల ప్యాకెట్లు వరసపెట్టి డీకోడ్ అవుతున్నాయి. కానీ 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న మిత్రుడి స్టేషన్‌కి కనెక్ట్ ఇస్తే పదిసార్లు ప్రయత్నించి ఆగిపోతోంది. ఐదారుసార్లు ఇస్తే ఒకసారి కనెక్ట్ అవుతుంది. అప్పుడు కూడా ఒక్క లైను పంపగానే బిగుసుకుపోతుంది. గొంతుతో మాట్లాడుకుంటే మాత్రం ఇద్దరికీ గర్ అన్న శబ్దమే ఉండదు.

వారం రోజులుగా ఇదే పని మీద ఉన్నాను. ఎక్కడ వెతకాలో చెప్పండి.

డైపోల్ | #2

ముందు ఆడియో లెవెల్ చూడండి. డైర్‌వోల్ఫ్ ప్రతి ప్యాకెట్ పక్కనా లెవెల్ అంకె చూపిస్తుంది, అది 50 దగ్గర ఉండాలి. పంపేటప్పుడు డీవియేషన్ (టోన్లు సిగ్నల్‌ని ఊపే మోతాదు) ఎక్కువైనా ఇదే గోల. చాలామంది వాల్యూమ్ మొత్తం పెంచేసి పంపుతారు, అవతల టోన్లు చితికిపోతాయి. కంప్యూటర్ అవుట్‌పుట్ తగ్గించుకుంటూ వెళ్ళండి, ఇంకో రేడియోలో విన్నప్పుడు శబ్దం కాస్త తగ్గడం మొదలయ్యే చోట ఆగండి.

చేతి రేడియో అన్నారు కాబట్టి ఇంకోటి. బ్యాటరీ సేవర్ ఆపేశారా? అది ఆన్‌లో ఉంటే రిసీవర్ కునుకు తీస్తూ లేస్తూ ఉంటుంది. ప్యాకెట్ మొదటి ముక్క వచ్చేసరికి నిద్రలో ఉంటే మిగతాది ఎంత బాగా వినబడినా లాభం లేదు.

కొత్తగాలి | #3

డైపోల్ గారూ, బ్యాటరీ సేవర్ నిజంగానే ఆన్‌లో ఉంది. ఆపేశాను. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దాన్ని మూసేసే గేటు) కూడా పూర్తిగా తెరిచేశాను. లెవెల్ 48, 52 అలా వస్తోంది. కనెక్షన్‌లో మాత్రం మార్పు లేదండీ.

పాతమోడెమ్ | #4

అమ్మా, లెవెల్ సంగతి డైపోల్ సరిగ్గానే చెప్పాడు. అయితే నీ బీకన్ మొదటిసారే అందుతోందంటే నీ టోన్లు బాగానే ఉన్నట్టు. బీకన్‌కీ కనెక్షన్‌కీ తేడా ఎక్కడుందో అక్కడే వెతకాలి.

బీకన్ అంటే గోడకు కాగితం అంటించడం. చదివేవాడు చదువుతాడు, నీకు జవాబు అక్కర్లేదు. కనెక్షన్‌లో అలా కాదు. నీ స్టేషన్ ముందు ఎస్ఏబీఎం అనే చిన్న ఫ్రేము పంపుతుంది, 'మాట్లాడదామా' అని. అవతలి స్టేషన్ యూఏ అని జవాబివ్వాలి. ఆ యూఏ నీ చెవిన పడితేనే నీ తెర మీద కనెక్టెడ్ అని వస్తుంది. ఆ తర్వాత నువ్వు పంపే ప్రతి ముక్కకీ ఒక సంఖ్య ఉంటుంది, అవతలివాడు ఆర్‌ఆర్ అని రసీదు ఇస్తూ ఉండాలి. రసీదు రాకపోతే నీ స్టేషన్ మూడు సెకన్లో నాలుగు సెకన్లో ఆగి మళ్ళీ అడుగుతుంది. పదిసార్లయ్యాక వదిలేస్తుంది.

అంటే ఇందులో పంపడం సగమే. మూడు విషయాలు చెప్పు. నీ లాగ్‌లో కనెక్ట్ ఇచ్చిన దగ్గర్నుంచి ఏముంది? అదే నిమిషంలో మీ మిత్రుడి లాగ్‌లో ఏముంది? రేడియోని ట్రాన్స్‌మిట్‌లోకి ఎలా పెడుతున్నావు, కేబుల్‌లో పీటీటీ తీగ (రేడియోని ట్రాన్స్‌మిట్‌లోకి మార్చే తీగ) ఉందా?

రాత్రిబ్యాండ్ | #5

కొంచెం పక్కకి వెళ్తున్నాను, ఏమనుకోవద్దు. కీబోర్డుతో మాట్లాడాలన్నదే కోరికైతే హెచ్ఎఫ్‌లో (దూరం వెళ్ళే షార్ట్‌వేవ్ బ్యాండ్లలో) జేఎస్8కాల్ అనే ప్రోగ్రాం చూడండి. 2018లో వచ్చింది, బలహీన సిగ్నళ్ళ కోసం చేసిన ఎఫ్‌టీ8 పద్ధతి మీదే కట్టారు. అయితే ఎఫ్‌టీ8లా సిగ్నల్ రిపోర్టుతో ముగిసిపోదు, మీకు నచ్చిన వాక్యం రాసి పంపవచ్చు. నిన్న రాత్రి 7.078 మెగాహెర్ట్జ్‌లో నా చెవికి ఏమీ వినబడని సిగ్నల్ నుంచి మూడు వాక్యాలు వచ్చాయి. పదిహేను సెకన్లకోసారి తెర మీద ముక్క ముక్కగా పడుతుంటే, మనిషి అవతల కూర్చుని ఆలోచిస్తూ రాస్తున్నట్టే ఉంటుంది. మనవాడు ఆ సమయానికి లేకపోయినా మధ్యలో ఎవరి స్టేషన్‌లోనైనా సందేశం దాచి ఉంచవచ్చు, అతను వచ్చి అడిగి తీసుకుంటాడు.

ఒక్కటే షరతు. కంప్యూటర్ గడియారం సరిగ్గా ఉండాలి. రెండు సెకన్లు తప్పితే ఎంత బలమైన సిగ్నలైనా డీకోడ్ కాదు.

కొత్తగాలి | #6

రాత్రిబ్యాండ్ గారూ, హెచ్ఎఫ్ రిగ్ ఇంకా లేదండీ. కానీ మీరు రాసింది చదివాక ఆశ పుట్టింది.

పాతమోడెమ్ మాస్టారూ, నా లాగ్ ఇది. మొదటి మూడుసార్లు ఎస్ఏబీఎంఈ అని వెళ్ళింది, ఆ తర్వాత ఎస్ఏబీఎం. ఈ 'ఈ' ఏమిటో అర్థం కాలేదు. తప్పు అక్కడే ఉందేమో? కేబుల్‌లో పీటీటీ తీగ లేదు. రేడియోలో వాక్స్ పెట్టాను, శబ్దం రాగానే అదే ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్తుంది. మిత్రుడి లాగ్ రాత్రికి అడిగి పెడతాను.

గ్రేలైన్ | #7

ఎస్ఏబీఎంఈ వల్ల కాదండీ. అది ఏఎక్స్.25 (ప్యాకెట్ రేడియో నియమాల ప్రోటోకాల్) రెండో కూర్పులోని కొత్త పద్ధతి, అంటే 2.2. డైర్‌వోల్ఫ్ ముందు దాన్నే అడుగుతుంది. అవతలి స్టేషన్ పాత పద్ధతిదైతే మూడు ప్రయత్నాల తర్వాత 2.0కి దిగివస్తుంది. పాత టీఎన్‌సీలు (ప్యాకెట్ మోడెం పెట్టెలు) కొన్ని ఎస్ఏబీఎంఈ వినగానే 'తెలియదు' అని చెప్పాలి గానీ నోరు మెదపకుండా ఉండిపోతాయి. దానివల్ల పది సెకన్లు వృథా అవుతాయి, అంతకుమించి నష్టం లేదు.

నా అనుమానం వాక్స్ మీద. మాస్టారు చెప్పేదాకా ఆగుతాను.

డైపోల్ | #8

వాక్స్‌ని అంత తొందరగా తప్పుపట్టకండి. నేను మూడేళ్ళుగా వాక్స్ మీదే ఏపీఆర్ఎస్ నడుపుతున్నాను, ఒక్కరోజూ ఇబ్బంది రాలేదు. టీఎక్స్‌డిలే (ట్రాన్స్‌మిట్ మొదలయ్యాక అసలు డేటాకి ముందు ఉంచే వ్యవధి) కాస్త పెంచుకుంటే మొదటి అక్షరాలు తెగిపోవు.

కొత్తగాలి | #9

మిత్రుడి లాగ్ వచ్చింది! నా కనెక్ట్ రిక్వెస్టులు పదికి పదీ అతనికి అందాయి. మొదటి మూడు ఎస్ఏబీఎంఈలకు అతని పాత స్టేషన్ పలకలేదు గానీ, మిగతా ఏడు ఎస్ఏబీఎంలకూ యూఏ జవాబిచ్చింది. నా దగ్గర ఒక్క యూఏ కూడా లేదు. 'నీకు ఏడుసార్లు సరే అన్నాను, నువ్వే పలకలేదు' అన్నాడు.

అతని బీకన్లు మాత్రం నాకు చక్కగా వస్తున్నాయి. ఇదెలా సాధ్యం?

పాతమోడెమ్ | #10

దొరికింది. అతను జవాబు చెప్పేటప్పుడు నువ్వింకా ట్రాన్స్‌మిట్‌లోనే ఉన్నావు.

లెక్క చూడు. 1200 బాడ్‌లో ఎస్ఏబీఎం లాంటి చిన్న ఫ్రేము 150 బిట్లకు కాస్త అటూ ఇటూ, అంటే సెకనులో ఎనిమిదో వంతు. నీ టోన్లు ఆగిపోగానే అతని మోడెం 'ఛానల్ ఖాళీ' అనుకుంటుంది. మోడెం వినేది డేటా టోన్లనే, క్యారియర్ (టోన్లు లేని ఉత్త రేడియో అల) ఉందా లేదా అని చూడదు. వెంటనే 300 మిల్లీసెకన్ల టీఎక్స్‌డిలే, ఆపైన ఎనిమిదో వంతు సెకను యూఏ. అంతా కలిపి అర సెకనులో అయిపోతుంది.

ఈలోగా నీ వాక్స్ ఏం చేస్తోంది? వాక్స్‌ని మనిషి గొంతు కోసం చేశారు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటే రేడియో టక్కున రిసీవ్‌లోకి రాకూడదని, శబ్దం ఆగాక కూడా సెకను, సెకనున్నర పట్టి ఉంచుతుంది. ఆ సెకనున్నరలో నువ్వు మూగ క్యారియర్ పంపుతున్నావు, నీ రిసీవర్ మూసుకుని ఉంది. యూఏ వచ్చి వెళ్ళిపోయింది.

మరి ఐదారుసార్లకు ఒకసారి ఎలా కుదిరింది అంటావేమో. ఛానల్ ఖాళీ కాగానే అందరూ ఒకేసారి మీద పడకుండా మోడెంలో ఒక పాచిక ఉంటుంది. మామూలుగా పర్సిస్ట్ 63, స్లాట్ టైం 10 అని ఉంటుంది. అంటే ప్రతి 100 మిల్లీసెకన్లకీ ఒకసారి పాచిక వేసి, నాలుగో వంతు అవకాశంతో పంపుతుంది. ఆ పాచిక వరసగా పది పన్నెండుసార్లు 'ఆగు' అంటే అతని జవాబు ఆలస్యమై, నీ వాక్స్ వదిలాక వస్తుంది. అప్పుడు నీకు వినబడుతుంది. కనెక్ట్ అయ్యాక మళ్ళీ ప్రతి రసీదుకీ అదే కథ, అందుకే ఒక్క లైనుకే బిగుసుకుపోయింది.

డైపోల్, నీ ఏపీఆర్ఎస్ బీకన్‌కి జవాబు అక్కర్లేదు. అందుకే మూడేళ్ళూ నీకు తెలియలేదు.

డైపోల్ | #11

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. ఏపీఆర్ఎస్‌లో సందేశాలు పంపినప్పుడు 'అందింది' అన్న గుర్తు నాకు చాలాసార్లు రెండో మూడో ప్రయత్నానికే వచ్చేది, మధ్యలో డిజిపీటర్ రద్దీ అనుకునేవాణ్ణి. ఇప్పుడు నా లాగ్ కూడా తీసి చూడాలి.

గ్రేలైన్ | #12

కొత్తగాలి గారూ, దారులు రెండు. రేడియో మెనూలో వాక్స్ డిలే ఉంటే దాన్ని అతి తక్కువకి దించండి. ఇది తాత్కాలికమే, చాలా రేడియోల్లో అతి తక్కువ అన్నా అర సెకను దాకా ఉంటుంది.

సరైన దారి అసలైన పీటీటీ తీగ. యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ ఉంటే దాని ఆర్‌టీఎస్ అనే సంకేత గీత నుంచి ఒక ఆప్టోకప్లర్‌తో (కాంతితో పనిచేసే స్విచ్‌తో) పీటీటీని నేలకు కలపవచ్చు. లేదా మీ సౌండ్ కార్డులో సీఎం108 కుటుంబం చిప్ ఉంటే దాని జీపీఐఓ 3 కాలికి ఒక ట్రాన్సిస్టర్ కలిపితే చాలు, డైర్‌వోల్ఫ్ కాన్ఫిగ్‌లో 'పీటీటీ సీఎం108' అన్న ఒక్క లైనుతో పనైపోతుంది. ఆ కాలు సన్నది, సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్ళ సాయం తీసుకోండి.

తీగ పెట్టాక వాక్స్ ఆపేయడం మాత్రం మరిచిపోకండి. రెండూ ఆన్‌లో ఉంటే తీగ వదిలినా వాక్స్ పట్టుకునే ఉంటుంది.

మూలపాఠం | #13

రాత్రిబ్యాండ్ గారి మాట పట్టుకుని ఒక ప్రశ్న. హెచ్ఎఫ్‌లో సందేశాలంటే అందరూ విన్‌లింక్ (రేడియో మీద ఈమెయిల్ పంపే వ్యవస్థ), దానికి వారా అనే సాఫ్ట్‌వేర్ మోడెం అంటున్నారు. వేగం గొప్పదే, నాకూ తెలుసు. కానీ వారా లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు, మూలం తెరిచి లేదు. హ్యామ్ రేడియో అంటే విప్పి చూసి, అర్థం చేసుకుని, మళ్ళీ కట్టేది కదా? డైర్‌వోల్ఫ్ తెరిచి ఉంది కాబట్టే మాస్టారు మిల్లీసెకన్ల లెక్కతో సహా జబ్బు పట్టుకోగలిగారు. నేను ప్యాట్ (విన్‌లింక్ ప్రోగ్రాం), ఆర్‌డాప్ (మూలం తెరిచి ఉన్న మోడెం) వాడతాను. వారా కన్నా నిదానమే, అయినా నాకు ఇష్టం.

రాత్రిబ్యాండ్ | #14

మూలపాఠం గారూ, ఆ బాధ నాకూ ఉంది. కానీ బ్యాండ్ సరిగ్గా లేని రాత్రి ఒక పేజీ సందేశం ఆర్‌డాప్‌తో ఇరవై నిమిషాలు కుస్తీ పట్టి వదిలేసి, వారాతో మూడు నిమిషాల్లో పంపాను. అవసరంలో ఉన్నవాడికి ఆ పదిహేడు నిమిషాలు పెద్దవి. 2017లో మరియా తుఫాను ప్యూర్టో రికోను తుడిచిపెట్టినప్పుడు రెడ్‌క్రాస్ 50 మంది హ్యామ్‌లను అడిగితే 22 మంది అక్కడికి వెళ్ళారు. ఫోన్లు లేని చోటు నుంచి 'మేం క్షేమం' అన్న కబుర్లు విన్‌లింక్ మీద బయటికి పంపారు. అలాంటి చోట నేనైతే వేగమే కోరుకుంటాను. ఇంట్లో నేర్చుకునేటప్పుడు మీ దారే మంచిది.

సన్నతీగ | #15

నడుమ ఒక సందేహం. విన్‌లింక్‌లో పాస్‌వర్డ్ ఉంటుంది కదా, అది గాల్లో వెళ్తే అందరూ వినేస్తారు. మరి హ్యామ్ బ్యాండులో రహస్యం ఉండకూడదు అంటారు. రెండూ ఎలా పొసుగుతాయి?

మూలపాఠం | #16

పాస్‌వర్డ్ అసలు గాల్లోకి వెళ్ళదు. గేట్‌వే (విన్‌లింక్ తరఫు స్టేషన్) ఒక ప్రశ్న సంఖ్య పంపుతుంది, మీ ప్రోగ్రాం దాన్ని పాస్‌వర్డ్‌తో కలిపి లెక్కకట్టి జవాబు మాత్రమే పంపుతుంది. ప్రతిసారీ ప్రశ్న మారుతుంది కాబట్టి పాత జవాబు దొంగకు పనికిరాదు. ఇది మీరెవరో రుజువు చేసుకోవడమే, మాటలు దాచడం కాదు.

మాటలు దాచడం మాత్రం తప్పు. అంతర్జాతీయ రేడియో నియమావళి 25వ ఆర్టికల్ ప్రకారం వేర్వేరు దేశాల అమెచ్యూర్ స్టేషన్ల మధ్య సందేశాలను అర్థం దాచే ఉద్దేశంతో సంకేతీకరించకూడదు. కుదింపు వేరు, రహస్యలిపి వేరు. మీరు రాసే ప్రతి ఉత్తరం తెరిచిన కార్డు ముక్కే అనుకుని రాయండి. ఇతరుల ఆరోగ్య వివరాలు, బ్యాంకు సంగతులు ఇందులో పెట్టకండి.

నిర్వాహకుడు | #17

వారా, ఆర్‌డాప్ చర్చకు వేరే దారం తెరిచాను, అక్కడ కొనసాగించండి. ఇక్కడ కొత్తగాలి గారి ప్యాకెట్ సంగతి చూద్దాం.

కొత్తగాలి | #18

ఐదు రోజులు కనబడలేదు, క్షమించండి. పీటీటీ తీగ పెట్టాను. సోల్డరింగ్ పక్కింటి అన్నయ్య చేసిపెట్టాడు. వాక్స్ ఆపేశాను.

మొదటి ఎస్ఏబీఎంకే యూఏ వచ్చింది! (మిత్రుడి స్టేషన్‌ని పాత పద్ధతి జాబితాలో పెట్టేశాను, అందుకే ఎస్ఏబీఎంఈ వెళ్ళలేదు.) తెర మీద కనెక్టెడ్ అని చూసి కొన్ని క్షణాలు ఏం టైప్ చేయాలో తోచలేదు. చివరికి 'ఉన్నావా' అని రాశాను. ఆర్‌ఆర్ వచ్చింది. తర్వాత 'ఉన్నాను' అని వచ్చింది. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం, ఒక్క ముక్క పోలేదు. ఫోన్లో రోజూ మాట్లాడుకునే మనుషులమే, అయినా ఆ 'ఉన్నాను' చూసినప్పుడు కళ్ళు చెమర్చాయి.

ఇప్పుడు రెండో కోరిక. ఇంకో మిత్రురాలు కొండ అవతల ఉంటుంది, నేరుగా అందదు. మధ్యలో ఉన్న డిజిపీటర్ ద్వారా కనెక్ట్ ఇస్తే కుదురుతోంది గానీ, చిన్న వాక్యాలు వెళ్తున్నాయి, పేరా పంపితే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి తెగిపోతోంది.

గ్రేలైన్ | #19

శుభం! చాలా సంతోషం.

పేరా సంగతి. పాక్‌లెన్, అంటే ఒక్కో ముక్కలో పట్టే అక్షరాల హద్దు, 256 ఉండి ఉంటుంది. అంత ముక్క గాల్లో దాదాపు రెండు సెకన్లు ఉంటుంది. ఆ రెండు సెకన్లలో ఒక్క బిట్ చెడినా మొత్తం ముక్క పారేయాల్సిందే, ఏఎక్స్.25లో తప్పు దిద్దుకునే ఏర్పాటు లేదు. 64కి దించండి, అర సెకనుకి కాస్త ఎక్కువలో పోతుంది. మాక్స్‌ఫ్రేమ్ (రసీదు రాకుండానే వరసగా పంపగల ముక్కల సంఖ్య) కూడా 4 నుంచి 1 లేదా 2కి తేండి. రసీదు కోసం ఆగే సమయం, అంటే ఫ్రాక్, కాస్త పెంచండి. డిజిపీటర్ ఉంటే రానూ పోనూ సమయం రెట్టింపవుతుంది.

పాతమోడెమ్ | #20

గ్రేలైన్ చెప్పినవన్నీ చెయ్యి. చేశాక కూడా డిజిపీటర్ దారి కష్టమే, ఎందుకో చెబుతాను.

డిజిపీటర్ విన్నది మళ్ళీ వల్లిస్తుంది, అంతవరకే. తనకి అందిందని నీకు రసీదు ఇవ్వదు. నీ ముక్క నీ దగ్గర్నుంచి డిజీకి, డిజీ నుంచి ఆమెకి, ఆమె రసీదు డిజీకి, అక్కణ్ణుంచి నీకు. నాలుగు అంగలు. ఒక్కో అంగలో పదికి ఎనిమిది అందుతాయనుకో, మంచి లింకే కదా. నాలుగూ వరసగా కుదిరేది వందకు 41 సార్లే. ఎక్కడ తప్పినా మళ్ళీ నీ దగ్గర్నుంచే మొదలు.

పైగా నువ్వూ ఆమె ఒకరికొకరు వినబడరు. ఛానల్ ఖాళీ అనుకుని ఇద్దరూ ఒకేసారి పంపితే కొండ మీది డిజీ దగ్గర రెండూ గుద్దుకుంటాయి. 1971లో హవాయి దీవుల మధ్య అలోహానెట్ రేడియోతో కంప్యూటర్లను కలిపినప్పటి నుంచీ ఉన్న తలనొప్పి ఇది.

1980ల్లో మేమూ ఇలాగే డిజీలను గొలుసు కట్టి విసిగిపోయాం. టాపర్ అనే ప్యాకెట్ రేడియో సంఘం వాళ్ళ టీఎన్‌సీ-2 1985లో వచ్చాక ఎక్కడ చూసినా స్టేషన్లే, ఛానల్ నిండా మళ్ళీ మళ్ళీ ప్రయత్నాలే. దానికి మందుగా నెట్‌రామ్ నోడ్లు వచ్చాయి. నోడ్ నీ దగ్గర ముక్క తీసుకుని అక్కడికక్కడే రసీదిస్తుంది, తర్వాతి అంగ బాధ్యత తనది. పోతే ఆ ఒక్క అంగే మళ్ళీ నడుస్తుంది. మీ కొండ మీది డిజీ నడిపేవారిని అడిగి చూడు, అదే కంప్యూటర్‌లో నోడ్ సాఫ్ట్‌వేర్ కూడా పెట్టగలరేమో. అడిగితే కాదనేవాళ్ళు మన హాబీలో తక్కువ.

డైపోల్ | #21

నా లాగ్ చూశాను. ఏపీఆర్ఎస్ సందేశాల్లో మొదటి 'అందింది' గుర్తు నాకు వినబడినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాక్స్ ఆపి తీగ పెట్టాను, నిన్నటి నుంచి అన్నీ మొదటి ప్రయత్నానికే వస్తున్నాయి. నా వల్ల ఈ మూడేళ్ళూ ఛానల్లో ఎన్ని అనవసరపు ప్యాకెట్లు తిరిగాయో తలుచుకుంటే బాధగా ఉంది. కొత్తగాలి గారూ, మీరు అడిగి మంచి పని చేశారు.

కొత్తగాలి | #22

డిజీ నడిపే పెద్దాయనతో మాట్లాడాను. వచ్చే వారం కొండ ఎక్కి నోడ్ పెడతానన్నారు, నన్నూ సాయం రమ్మన్నారు. అప్పటిదాకా పాక్‌లెన్ 64, మాక్స్‌ఫ్రేమ్ 1 పెట్టుకుని నిన్న ఆమెకి తొమ్మిది లైన్ల ఉత్తరం పంపాను. పదకొండు నిమిషాలు పట్టింది. ప్రతి లైనుకీ రసీదు వచ్చేదాకా ఇద్దరం అటూ ఇటూ తెర వైపే చూస్తూ కూర్చున్నాం. చివరి లైను అందాక ఆమె 73 (హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలు) అని పంపింది, అది మాత్రం మొదటిసారే వచ్చింది.

చిన్నలూప్ | #23

ఇంతకాలం చదువుతున్నానే గానీ ఎప్పుడూ రాయలేదు. నాదీ వాక్సే, నాదీ ఇదే జబ్బు. ఇప్పుడే కేబుల్ విప్పుతున్నాను.

పాతమోడెమ్ | #24

విప్పే ముందు ఆగు నాయనా. అన్ని చేతి రేడియోల జాక్ వైరింగ్ ఒకేలా ఉండదు. కొన్నింట్లో పీటీటీ వేరే తీగ, కొన్నింట్లో మైకు గీత మీదే ఒక రెసిస్టర్‌తో నేలకు కలపాలి. నీ రేడియో మోడల్ ఏమిటి, ప్లగ్గులు ఒకటా రెండా? ముందు అది చెప్పు, తర్వాత వేడి పెడదాం.